హైదరాబాద్ వాటాకొచ్చిన ఆకాశం

మే నెల నడుమ రాత్రి తొమ్మిదింటికి బోయిన్‌పల్లిలో ఏదైనా డాబా ఎక్కి దక్షిణానికి తిరిగి నిలబడితే ముందు కనిపించేది చీకటి. అది బేగంపేట పాత విమానాశ్రయం. దాని అవతల నగరం దీపాలు. ఆ వెలుగుకు బాగా పైన, దిగంతానికీ నడినెత్తికీ మధ్యలో, వంకర చతురస్రంలా నాలుగు చుక్కలు నిలబడి ఉంటాయి. పంచాంగం తెలిసినవాళ్లకు అది హస్త. ఐదో చుక్కను కూడా కలుపుకుంటే అరచెయ్యి, ఐదు వేళ్లు.

ఆ హస్తలోని కొన్ని చుక్కలు, రెండు నెలల తర్వాత అదే వేళకు అదే దారిన వచ్చే అనూరాధలోని కొన్ని చుక్కలు ఒకప్పుడు హైదరాబాద్ వాటా. మాటవరసకు అన్నది కాదు. ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 డిగ్రీల నుంచి 23 డిగ్రీల దాకా ఆకాశాన్ని ఒడ్డాణంలా చుట్టివచ్చే పట్టీ ఒకటుంది. ఆ పట్టీలోని ప్రతి చుక్కనూ ఫొటో తీసి, కొలిచి, అంకెల్లో రాసి ప్రపంచానికి అప్పజెప్పే బాధ్యత బేగంపేటలోని ఒక చిన్న వేధశాల మీద పడింది. బోయిన్‌పల్లి నుంచి నాలుగైదు కిలోమీటర్లు. ఇప్పుడు ఆ ఆవరణలో ఆర్థిక, సామాజిక అధ్యయన కేంద్రం నడుస్తోంది. చిరునామాలో మాత్రం నిజామియా అబ్జర్వేటరీ క్యాంపస్ అనే పేరు నిలిచింది.

కథ పారిస్‌లో మొదలైంది. 1887లో పారిస్ వేధశాల అధిపతి అడ్మిరల్ ఎర్నెస్ట్ ముషే దేశదేశాల ఖగోళ శాస్త్రవేత్తలను పిలిచి ఒక ప్రతిపాదన పెట్టాడు. అప్పటికి ఫొటోగ్రఫీ కొత్త. గాజు ప్లేటును దుర్భిణీ చివర పెట్టి నిమిషాల తరబడి వెలుగు పట్టనిస్తే కంటికి ఆనని చుక్కలు కూడా దాని మీద పడుతున్నాయి. అలాంటప్పుడు మొత్తం ఆకాశాన్నే ఫొటో తీస్తే? పదకొండో తరగతి కాంతి దాకా, అంటే మామూలు కంటికి ఆనే అతి మసక చుక్క కంటే వందో వంతు వెలుగున్న వాటి దాకా, ఒక్కటీ వదలకుండా పట్టిక కడితే? ఏ ఒక్క వేధశాల తరమూ కాని పని. ఏ ఒక్క చోటు నుంచీ మొత్తం ఆకాశం కనపడదు కూడా. అందుకే పంచుకున్నారు. ఉత్తర ధ్రువం చుట్టూ గ్రీనిచ్, దాని కింద వాటికన్, ఆ కింద కటానియా, హెల్సింకి, పోట్స్‌డామ్, ఆక్స్‌ఫర్డ్, ఇలా పట్టీలు పట్టీలుగా ఇరవై దాకా వేధశాలలు. దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీలు మొదట చిలీ దేశపు శాంటియాగోకు వెళ్లింది. అక్కడ పని సాగలేదు. పట్టీ ఖాళీగా మిగిలింది.

హైదరాబాద్‌లో అప్పటికి ఏముంది? నవాబ్ జఫర్ జంగ్ అనే సంపన్నుడికి నక్షత్రాల మీద మోజు. ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల దుర్భిణీ కొని తెచ్చాడు. 1901లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అనుమతితో ఫిసల్‌బండలో వేధశాలకు పునాది పడింది. 1907లో నవాబు పోయాడు. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం దాన్ని చేతుల్లోకి తీసుకుంది. తర్వాత బేగంపేటకు మార్చింది. మంచి పరికరాలున్నాయి. ఏం చేయాలో చెప్పే సంప్రదాయం లేదు, పక్కన సలహా అడగడానికి మరో పరిశోధకుడు లేడు. ఒక సంపన్నుడి సరదాగా మొదలైన వేధశాలలు ఆ సరదా తీరాక మూతపడటం లోకంలో మామూలే. దీన్ని బతికించింది ఆ ఖాళీ పట్టీ.

పని 1914లో మొదలైంది. ఎలా ఉండేదో దగ్గరికెళ్లి చూడాలి. చిన్న పలకంత గాజు ప్లేటు. దాని మీద పడే ఆకాశం రెండు డిగ్రీల చదరం, అంటే నాలుగు పున్నమి చందమామలు వరసగా పట్టేంత. ప్లేటు మీద మిల్లీమీటరు దూరం ఆకాశంలో డిగ్రీకి అరవయ్యో వంతు. ఈ కొలతే పథకమంతటికీ. ప్లేటును కడగడానికి ముందు దాని మీద ఐదేసి మిల్లీమీటర్ల దూరంలో సన్నని గీతల గడి కూడా అచ్చు వేసేవారు. కడిగేటప్పుడు రసాయనపు పొర కాస్త సాగినా కుంచించుకున్నా చుక్కతో పాటు గడీ కదులుతుంది కాబట్టి లెక్క చెడదు. తర్వాత సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఒక్కో చుక్క ఏ గీతకు ఎంత దూరంలో ఉందో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి చదవాలి. రాయాలి. పక్క చుక్క. మళ్లీ చదవాలి. ఒక ప్లేటు మూల పక్క ప్లేటు నడుమకు వచ్చేలా అమర్చడం వల్ల ప్రతి చుక్కా కనీసం రెండు ప్లేట్ల మీద పడుతుంది. ఒకచోట పొరబడితే రెండోది పట్టిస్తుంది.

వేధశాల అధిపతి ఆర్థర్ చాట్‌వుడ్ తర్వాత ఆ పదవికి ఆక్స్‌ఫర్డ్‌లో పని నేర్చిన రాబర్ట్ పోకాక్ వచ్చాడు. 1918లో చిన్న వయసులోనే ఆయన మరణించాడు. అప్పుడు టి.పి. భాస్కరన్ పగ్గాలు అందుకుని 1944 దాకా నడిపాడు. ఆ వేధశాలకు ఆయనే తొలి భారతీయ అధిపతి. 1929కల్లా దక్షిణపు పట్టీ పూర్తయింది. అది ముగిసేలోపే ఆ పనితనం చూసి, పోట్స్‌డామ్ ముగించలేకపోయిన ఉత్తరపు పట్టీలో 36 నుంచి 39 డిగ్రీల భాగం కూడా హైదరాబాద్‌కే వచ్చింది. అది 1928 నుంచి 1938 వరకు. రెండూ కలిపి నాలుగు లక్షలకు పైగా చుక్కలు. చిలీ వదిలేసింది, జర్మనీ వదిలేసింది. బేగంపేట వదల్లేదు.

దూరాన ఉన్న చిన్న సంస్థకు ఇలాంటి కూటమి మొట్టమొదట ఇచ్చేది డబ్బు కాదు, కొలబద్ద. గ్రీనిచ్‌కు ఏ గడియో బేగంపేటకూ అదే గడి, అదే పొరపాటు పరిమితి. పని బాగుందో లేదో చెప్పడానికి ఎవరి మెచ్చుకోలూ అక్కర్లేదు. సరిహద్దులో పక్క వేధశాల కొలిచిన చుక్క, ఇక్కడ కొలిచిన చుక్క ఒకే చోట పడితే చాలు. వలస పాలన నడుస్తున్న రోజుల్లో ఒక దేశీ సంస్థానపు ఉద్యోగి లండన్ ఉద్యోగితో సమానంగా తూగగల తక్కెడ అలాంటిది ఇంకెక్కడుంది?

ఫలితం కోసం చాలా కాలం ఆగాల్సి వచ్చింది. నక్షత్రాలు కదులుతాయి, కానీ ఎంత నెమ్మదిగానంటే తాత చూసిన చోటును మనవడు చూసిన చోటుతో పోలిస్తే తప్ప తెలియదు. 1990ల్లో అమెరికా నౌకాదళ వేధశాల ఈ పాత పట్టికలన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించి ఒక్కటి చేసింది. 46 లక్షల చుక్కలు. వాటిని హిప్పార్కస్ ఉపగ్రహం చూసిన స్థానాలతో పోల్చి 2000లో టైకో-2 అనే పట్టిక వెలువరించారు. 25 లక్షల నక్షత్రాలు ఏటా ఎటు, ఎంత జరుగుతున్నాయో అందులో ఉంది. ఆ లెక్కకు ఒక కొస ఉపగ్రహం, రెండో కొస బేగంపేట లాంటి చోట్ల కడిగి ఆరబెట్టిన గాజు ప్లేట్లు. ఒంటరిగా చేసి అచ్చేసుకున్న పట్టికైతే ఎనభై ఏళ్ల తర్వాత దాన్ని వెతికేవారెవరు?

దీనికి మరో పక్క కూడా ఉంది, దాచకూడదు. ఈ మహా పథకం యూరప్ వేధశాలలను దశాబ్దాలు కట్టిపడేసిందని ఖగోళ చరిత్రకారులు చెబుతారు. అమెరికా వేధశాలలు ఇందులో చేరలేదు. ఆ కాలంలోనే వాళ్లు నక్షత్రాల వెలుగును విడదీసి, అవి దేనితో తయారయ్యాయో చదవడం మొదలుపెట్టి ముందుకు పోయారు. పెద్ద కూటమిలో చేరడమంటే సొంత ప్రశ్నల్లో కొన్నిటిని పక్కన పెట్టడం కూడా. బేగంపేటకు ఆ బేరం గిట్టుబాటైంది. అందరికీ గిట్టలేదు.

అయితే బేగంపేటకు దక్కిన అన్నిటికంటే పెద్ద లాభం పట్టికల్లో లేదు. వేధశాలలో సహాయకుడిగా పనిచేసే ఒక మలయాళీ ఉద్యోగి కొడుకు ఆ దుర్భిణీల మధ్య పెరిగాడు. 1927లో పుట్టిన ఆ కుర్రాడు వైను బప్పు. కాలేజీలో ఉండగానే వెలుగు హెచ్చుతగ్గులయ్యే నక్షత్రాలను పరిశీలించి వ్యాసాలు రాశాడు. హార్వర్డ్ వేధశాల అధిపతి హార్లో షాప్లీ భారతదేశం వచ్చినప్పుడు ఆయన్ను కలిశాడు. హైదరాబాద్ ప్రభుత్వం ఇచ్చిన ఉపకారవేతనంతో హార్వర్డ్ చేరాడు.

1949 జూలై 2. హార్వర్డ్ చేరి కొద్ది నెలలే. మామూలుగా తీసిన ఆకాశపు ఫొటోలో ఉండకూడని మసక ఒకటి బప్పు కంట పడింది. గురువు బార్ట్ బాక్, తోటి విద్యార్థి గోర్డన్ న్యూకిర్క్ కూడా చూసి నిర్ధారించారు. తోకచుక్క. దాని దారిని బప్పు లెక్కగట్టాడు. మళ్లీ రావడానికి సుమారు 60,000 ఏళ్లు. బప్పు-బాక్-న్యూకిర్క్ అనే పేరు దానికి నిలిచింది. పసిఫిక్ ఖగోళ సంఘం పతకం ఇచ్చింది. గాజు ప్లేటు మీద ఏది చుక్కో, ఏది మరకో, ఏది కొత్తో తెలిసిన కన్ను అది. ఆ చూపు ఏ ఇంట్లో అబ్బిందో ఊహించడం కష్టం కాదు.

1952లో పీహెచ్‌డీ ముగించి కార్నెగీ ఫెలోగా కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్, పాలొమార్‌లకు వెళ్లాడు. అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్ద దుర్భిణీలు అక్కడే. అక్కడ ఓలిన్ విల్సన్‌తో కలిసి చేసిన పని 1957లో అచ్చయింది. కాస్త చల్లని నక్షత్రాల వర్ణపటంలో కాల్షియం వల్ల పడే నల్లగీత ఒకటుంటుంది, దాని నడుమ సన్నని వెలుగు చార. ఆ చార వెడల్పు కొలిస్తే నక్షత్రం అసలు వెలుగెంతో తెలుస్తుందని వాళ్లు చూపారు. అసలు వెలుగు తెలిస్తే, ఇక్కడికి చేరే వెలుగుతో పోల్చి దూరం చెప్పవచ్చు. ఒక్క గీతతో నక్షత్రం దూరం! దాన్ని ఇప్పటికీ విల్సన్-బప్పు ప్రభావం అనే పాఠ్యపుస్తకాల్లో చదువుతారు.

అమెరికాలో ఉండిపోతే ఆయన జీవితం సులువుగా సాగేది. 1953లో తిరిగొచ్చాడు. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ వేధశాలను నైనిటాల్‌లో నిలబెట్టాడు. 1960లో కొడైకెనాల్ బాధ్యత తీసుకున్నాడు. తమిళనాడులోని కావలూరు అడవిలో కొత్త వేధశాల కట్టాడు. భారత ఖగోళ భౌతిక సంస్థకు రూపం ఇచ్చాడు. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడయ్యాడు, ఆ పదవిలో తొలి భారతీయుడు. బేగంపేట క్వార్టర్ల కుర్రాడు ప్రపంచ ఖగోళ శాస్త్రవేత్తలందరి సభకు పెద్దయ్యాడు. 1982లో మ్యూనిక్‌లో చనిపోయేనాటికి కావలూరు కోసం ఆయన మొదలుపెట్టిన 2.3 మీటర్ల దుర్భిణీ ఇంకా తయారీలోనే ఉంది. పూర్తయ్యాక దానికి ఆయన పేరే పెట్టారు. పరిచయాలు, పెద్ద పరికరాల మీద చెయ్యి తిరగడం, ఏ దేశంలో ఎవరికి ఏది తెలుసో ఎరిగి ఉండటం, వీటన్నిటినీ ఆయన మూటగట్టుకుని ఇంటికి తెచ్చాడు. విదేశీ పరిశోధన బంధాలు ఒక శాస్త్రవేత్తకు ఏమిస్తాయని ఎవరైనా అడిగితే ఈ జీవితాన్ని చూపించవచ్చు.

బేగంపేటకే ఇంకా పాత కథ ఒకటుంది. దాన్ని అందరూ ఒంటరి వీరుడి కథగా చెబుతారు. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఇక్కడే, సికింద్రాబాద్ బేగంపేటలో, దోమ కడుపు గోడలో మలేరియా జీవిని కనుగొన్నాడని. నిజమే. కాని ఒంటరిగా కాదు. మలేరియా జీవిని అల్జీరియాలో 1880లోనే లావెరాన్ చూశాడు. రాస్ నమ్మలేదు, అలాంటిది లేదనే వాదించాడు. 1894లో లండన్ వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అతన్ని సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టి చూపించాక నమ్మాడు. మాన్సన్ చైనాలోని అమోయ్‌లో పనిచేసినప్పుడు బోదకాలు పురుగు దోమలో పెరుగుతుందని కనుగొన్నవాడు. మలేరియాదీ అదే దారి కావచ్చన్నది ఆయన ఊహే.

అక్కడి నుంచి ఏళ్ల తరబడి ఉత్తరాలు. సికింద్రాబాద్ నుంచి ఓడలో వెళ్లిన ఉత్తరానికి జవాబు రావడానికి నెల దాటేది. ఉత్తరాలతో పాటు పొరపాట్లూ ప్రయాణించాయి. దోమ చచ్చిపడిన నీళ్లు తాగడం వల్ల జబ్బు వస్తుందని మాన్సన్ అనుకునేవాడు. రాస్ ఆ నీళ్లు మనుషుల చేత తాగించి కూడా చూశాడు. ఫలితం నిలవలేదు. పెద్దవాడి మాట కదా అని పట్టుకు వేలాడకుండా, కాటు దారిన వెతకడం మొదలుపెట్టాడు. గాలికి దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా లాగించుకోకుండా, ఆగస్టు ఉక్కలో, చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపడుతుంటే కూర్చున్నాడు. దోమల చేత కుట్టించుకున్నందుకు హుసేన్ ఖాన్ అనే రోగికి దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. రెక్కల మీద మచ్చలున్న దోమలో నల్లపొడి కలిగిన కణాలు కనిపించాయి. నమూనాలు మాన్సన్‌కు చేరాయి. ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది.

మధ్యలో సైన్యం రాస్‌ను రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ చేసింది. అక్కడ పరిశోధనకు మలేరియా రోగులే కరువు. లండన్‌లో మాన్సన్ కదలడం వల్ల 1898లో కలకత్తాలో ప్రత్యేక నియామకం దొరికింది. పిట్టల మలేరియా మీద అక్కడ రుజువు పూర్తయింది. ఆ జూలైలో ఎడిన్‌బరాలో వైద్యుల సభ జరుగుతుంటే, రాస్ కనుగొన్న సంగతిని మాన్సన్ లేచి ప్రకటించాడు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి. బదిలీ కాగితం ముందు నిస్సహాయుడైన ఉద్యోగికి వేల మైళ్ల దూరాన ఒక పాఠకుడు, ఒక న్యాయవాది ఉండటం ఎంత పనిచేసిందో చూడండి. ఆ పరిచయాల వలలో చోటులేని వాళ్లను కూడా చూడాలి. కలకత్తాలో రాస్ పక్కనే పనిచేసిన మొహమ్మద్ బక్ష్‌కు ఉత్తరాలు రాయడానికి లండన్‌లో మాన్సన్ లేడు.

ఇప్పుడు ఉత్తరం క్షణంలో చేరుతుంది. పలు దేశాల వాళ్లు కలిసి రాసిన వ్యాసాలను సగటున ఇతర పరిశోధకులు ఎక్కువగా ఉటంకిస్తారన్నది లెక్కలు తేల్చిన విషయమే. పటాన్‌చెరులో 1972లో వెలసిన అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ అలాంటి కూటమికి నడిబొడ్డు. కందిపప్పు లేని భోజనం తెలుగింట ఊహించలేం. ధనిక దేశాలు పండించవు కాబట్టి కంది జన్యువుల గొడవ ప్రపంచానికి పట్టలేదు. రాజీవ్ వార్ష్నే నాయకత్వంలో పటాన్‌చెరు శాస్త్రవేత్తలు చైనాలోని జన్యు పరిశోధన సంస్థ బీజీఐతోనూ అమెరికా విశ్వవిద్యాలయాలతోనూ కలిసి, మన రైతులెరిగిన ఆశ రకం కంది జన్యుపటాన్ని చదివారు. 48,680 జన్యువులు. 2011 చివర నేచర్ బయోటెక్నాలజీలో వెలువడింది. వార్ష్నే 2023లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు.

కూటమిలో సమానంగా కూర్చోవడం ఎలాగో చెప్పే ఘటన మాత్రం హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీలో జరిగింది. లాల్జీ సింగ్ ఎడిన్‌బరాలో 1974 నుంచి పదమూడేళ్లు పనిచేసి, పాము డీఎన్‌ఏ మీద సాధించిన నేర్పుతో హైదరాబాద్ వచ్చినవాడు. ఆయనా సహోద్యోగి కుమారస్వామి తంగరాజూ కలిసి దేశమంతా తిరిగి సేకరించిన వేల డీఎన్‌ఏ నమూనాలు ఇక్కడి ఫ్రీజర్లలో ఉన్నాయి. హార్వర్డ్‌లోని డేవిడ్ రైక్ బృందం దగ్గర లక్షల జన్యు గుర్తులను ఒక్కసారే చదివి విశ్లేషించే గణితం ఉంది. ఒకరిది మరొకరి దగ్గర లేదు. కలిశారు.

2008 అక్టోబరులో రైక్, ఆయన సహచరుడు నిక్ ప్యాటర్సన్ తొలి ఫలితాలతో హైదరాబాద్ వచ్చారు. భారతీయులు రెండు ప్రాచీన జనసమూహాల మిశ్రమమని, అందులో ఒకటి పశ్చిమ యురేషియా వాళ్లని వాళ్ల ముసాయిదా. సింగ్, తంగరాజ్ ఒప్పుకోలేదు. ఎవరు ఎటు నుంచి ఎటు వెళ్లారో ఈ దత్తాంశం చెప్పదు కదా, చెప్పని దాన్ని పేరులో ఎందుకు ఇరికించాలి అన్నారు. ఆ పేరు ఇక్కడ రేపే మంటలూ వాళ్లకు తెలుసు. వాదన వేడెక్కింది. చివరికి ఉత్తర భారత పూర్వీకులు, దక్షిణ భారత పూర్వీకులు అనే కొత్త పేర్ల దగ్గర అందరూ కలిశారు. తన వృత్తి జీవితంలోకెల్లా ఉద్రిక్తంగా గడిచిన సమయం అదేనని రైక్ తర్వాత తన పుస్తకంలో రాశాడు. ఆ అధ్యయనంలో 25 సమూహాలు, 132 మంది. చెంచులు, మాలలు, మాదిగలు, వెలమలు, వైశ్యులు అందులో ఉన్నారు. 2009 సెప్టెంబరులో నేచర్‌లో అచ్చయింది. ఫ్రీజర్ తాళం తమ చేతిలో ఉండబట్టే హైదరాబాద్ వాళ్ల అభ్యంతరానికి అంత బరువు వచ్చింది. నమూనాలు పంపి చేతులు దులుపుకుని ఉంటే వ్యాసం చివర కృతజ్ఞతల వరసలో మిగిలేవారు.

ఆ స్నేహం ఆగలేదు. 2017లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చిన వ్యాసానికి 260కి పైగా దక్షిణాసియా సమూహాల నుంచి 2,800 మందికి పైగా జన్యు వివరాలు చూశారు. వాటిలో 81 సమూహాలు అతి కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగినవని తేలింది. అలాంటి చోట కొన్ని అరుదైన జన్యులోపాలు వంశపారంపర్యంగా పోగుపడతాయి. తెలుగునాట వైశ్యులలో బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం ఇతరుల కంటే సుమారు వంద రెట్లు ఎక్కువన్న సంగతిని ఉదాహరణగా చూపారు. మామూలు జీవితంలో ఆ లోపం ఉన్నట్టే తెలియదు. ఆపరేషన్ బల్ల మీద తెలుస్తుంది. కండరాలు వదులు కావడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మందు అందరికీ నిమిషాల్లో విరిగిపోతుంది. ఈ లోపం ఉన్నవాళ్లకు గంటలు పట్టవచ్చు, అంతసేపూ సొంతంగా ఊపిరి తీసుకోలేరు, వెంటిలేటర్ మీదే ఉంచాలి. అందుకే సంగతి తెలిసిన మత్తు డాక్టరు సిరంజి ఎత్తే ముందు రోగి బంధువులను పిలిచి అడుగుతాడు, మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అయ్యాక మెలకువ రావడం ఆలస్యమైందా అని.